మాండవ్యుడి ఆశ్రమం, మన ఇంటి వైఫై: తెలియక జరిగిన తప్పు ఎవరి ఖాతాలో పడుతుంది?



పోయిన దసరాకి రాజమండ్రి వెళ్ళాను. ఆయుధ పూజ రోజు అమ్మ దేవుడి గది ముందు వస్తువులన్నీ వరసగా పెట్టించింది. నా బైక్ తాళాలు, ఆవిడ కుట్టుమిషన్, నాన్నగారి స్క్రూడ్రైవర్ల డబ్బా, నా ల్యాప్‌టాప్. అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టాం. చివర్లో వైఫై బాక్స్‌కి కూడా ఒక బొట్టు పెట్టి, "ఇది లేకపోతే నీకు ఉద్యోగమే లేదు కదరా" అంది. అందరం నవ్వుకున్నాం. ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టాను.

ఆ బాక్స్ పాస్‌వర్డ్ నాలుగేళ్ళ క్రితం కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు పెట్టి వెళ్ళిందే. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బొట్టు పెట్టినప్పుడు కూడా ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. రోజంతా కంప్యూటర్లతో పనిచేసే ఉద్యోగం నాది, అయినా సరే.

ఒక నెల తిరిగింది. కార్తీక మాసం. నాన్నగారు సాయంత్రం దీపం పెట్టాక టీవీలో ప్రవచనం చూస్తారు. నెట్ స్లో అయ్యి బొమ్మ ఆగిపోతోందని ఫోన్ చేశారు. నేను మీటింగ్‌లో ఉన్నాను. "ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి నాన్నా" అని పెట్టేశాను. ఆ వారంలో మూడుసార్లు ఇదే జరిగింది. మూడోసారి కొంచెం విసుక్కున్నాను కూడా. నాలుగోసారి ఆయన నాకు చెయ్యలేదు. నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి దానికి చేశారు.

అది కంపెనీ నంబర్ కాదు. అవతలి మనిషి చక్కటి తెలుగులో "మాస్టారూ" అంటూ ఎంతో ఓపిగ్గా మాట్లాడాడట. లైన్ చెక్ చెయ్యడానికి ఒక యాప్ వేసుకోమన్నాడు. దాంతో మన ఫోన్ స్క్రీన్ మొత్తం వాడికి కనిపిస్తుంది. తర్వాత కంప్లైంట్ నమోదుకి పది రూపాయలు కట్టమన్నాడు. నాన్నగారు కట్టారు. పది నిమిషాల్లో ఆయన ఖాతాలోంచి నలభై ఆరు వేలు పోయాయి.

ఈ విషయం నాకు మూడో రోజు తెలిసింది, అదీ అమ్మ చెబితే. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని అడిగాను. ఆయన ఒక్క మాటే అన్నారు: "చెబితే తిడతావని."

ఆ తర్వాత ఆయనే, "పోనీలేరా, ఏ జన్మలో ఎవరికి బాకీ పడ్డానో, ఇప్పుడు తీరింది" అన్నారు. ఈ రెండు మాటలూ నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఈ పోస్ట్ రాయడానికి కారణం అవే.

మాండవ్య మహర్షి కథ

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ వస్తుంది. చాలామందికి తెలిసే ఉంటుంది. ఆయన తన ఆశ్రమం ముందు చెట్టు కింద, చేతులు పైకెత్తి, మౌనవ్రతంలో తపస్సు చేసుకుంటున్నాడు. కొందరు దొంగలు రాజభటులు తరుముతుంటే పరిగెత్తుకొచ్చి, దోచుకున్న సొమ్ము ఆ ఆశ్రమంలో దాచి, వాళ్ళూ అక్కడే నక్కారు. భటులు వచ్చి అడిగారు. మహర్షి మౌనంలో ఉన్నాడు కాబట్టి బదులివ్వలేదు. ఆశ్రమం వెతికితే దొంగలూ దొరికారు, సొమ్మూ దొరికింది. దాంతో ఆయనకీ వాటా ఉందని అనుకున్నారు. రాజు దొంగలతో పాటు ఆయన్ని కూడా శూలానికి ఎక్కించాడు.

దొంగతనం ఆయన చెయ్యలేదు. ఆయనకి ఆ సంగతే తెలీదు. కానీ సొమ్ము దొరికింది ఆయన ఇంట్లో.

ఇది పాత కథ అని వదిలెయ్యకండి. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరస పేలుళ్ళు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకి ఒక ఈమెయిల్ వచ్చింది. అది ఏ కనెక్షన్ నుంచి వచ్చిందని పోలీసులు ఆరా తీస్తే నవీ ముంబైలో అద్దెకుంటున్న ఒక విదేశీయుడి ఇంటి ఇంటర్నెట్ తేలింది. ఆయన్ని ప్రశ్నించారు, కంప్యూటర్లు పరీక్షించారు. చివరికి ఆ మెయిల్ పంపింది ఆయన కాదనీ, ఆయన వైఫైని వేరేవాళ్ళు వాడుకున్నారనీ తేలింది. దొంగలు వచ్చి దాక్కున్న ఆశ్రమం ఈసారి ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్. మిగతాదంతా అదే కథ కదండీ?

మన ఇంటి కెమెరా చేసే పని

ఇంకో సంగతి చెబుతాను. ఇది ఇంకా విచిత్రంగా ఉంటుంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఒకటి వచ్చింది. అది ఇళ్ళల్లో ఉండే సీసీ కెమెరాలు, రౌటర్లు, వీడియో రికార్డర్ల తలుపులు ఒక్కొక్కటే తట్టుకుంటూ వెళ్ళేది. దాని దగ్గర గొప్ప తెలివేమీ లేదు. ఫ్యాక్టరీలో పెట్టే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల జాబితా ఒకటి, అరవై దాకా జతలు, అంతే. 'అడ్మిన్, అడ్మిన్' లాంటివి. కొన్నాక ఎవరైతే వాటిని మార్చలేదో వాళ్ళ తలుపు తెరుచుకునేది.

అలా చేజిక్కించుకున్న లక్షల పరికరాలతో ఒకేసారి ఒకే చోటికి ట్రాఫిక్ పంపిస్తే అవతలి సర్వర్ కుప్పకూలుతుంది. 2016 అక్టోబర్ 21న అమెరికాలో డైన్ అనే సంస్థ మీద ఇలాగే దాడి జరిగింది. వెబ్‌సైట్ పేర్లని చిరునామాలుగా మార్చి చూపించే సేవ అది. దానివల్ల ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ లాంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు. మిరాయ్‌ని తయారుచేసిన ముగ్గురు కుర్రాళ్ళు 2017లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

ఇందులో నన్ను ఆలోచింపజేసింది ఆ కుర్రాళ్ళ గురించి కాదు. ఆ కెమెరాల ఓనర్ల గురించి. వాళ్ళల్లో చాలామందికి తమ కెమెరా ఎవరి మీదో దాడి చేసిందని ఈరోజుకీ తెలిసి ఉండదు. ఆ సమయంలో వాళ్ళు భోంచేస్తూ ఉండొచ్చు, పిల్లల్ని పడుకోబెడుతూ ఉండొచ్చు. వాళ్ళ మనసులో చెడు ఏమీ లేదు. వాళ్ళ ఇంటి వస్తువు మాత్రం ఎవరికో హాని చేసింది. మరి ఆ పాపం ఎవరి ఖాతాలో రాయాలి?

తెలియకపోవడానికి ఒక హద్దు

మళ్ళీ మాండవ్యుడి దగ్గరికి వద్దాం. శూలం మీద కూడా ఆయన ప్రాణం పోలేదు. రాజు నిజం తెలుసుకుని కాళ్ళ మీద పడ్డాడు. తర్వాత మహర్షి నేరుగా యమధర్మరాజునే అడిగాడు, నాకీ శిక్ష ఏ తప్పుకి అని. చిన్నప్పుడు పురుగుల్ని గడ్డిపరకతో గుచ్చావు, దాని ఫలితం ఇది అన్నాడు యముడు. మహర్షికి కోపం వచ్చింది. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా? నువ్వు భూమ్మీద మనిషిగా పుట్టు అని శపించాడు. పధ్నాలుగేళ్ళ వయసు వరకూ చేసింది పాపం కాదని హద్దు కూడా పెట్టాడు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఇక్కడ మహర్షి రెండు విషయాలు తేల్చాడు. ఒకటి, తెలియక చేసినదాన్నీ తెలిసి చేసినదాన్నీ ఒకే తూకం వెయ్యకూడదు. రెండు, తెలియకపోవడం జీవితాంతం చెల్లే సాకు కాదు. దానికి ఒక వయసు ఉంది. ఆ వయసు దాటాక, తెలుసుకోవాల్సింది తెలుసుకోకపోతే అది మన లెక్కలోకే వస్తుంది.

ఇంటర్నెట్ విషయంలో మా నాన్నగారు ఆ పధ్నాలుగేళ్ళ లోపే ఉన్నారని నా ఉద్దేశం. ఆయన వయసు అరవై ఎనిమిది, కానీ స్మార్ట్‌ఫోన్‌తో పరిచయం ఆరేళ్ళే. ఆయన చేసినదాన్ని తప్పు అని కూడా అనలేను. మర్యాదగా మాట్లాడిన మనిషిని నమ్మారు. అది ఆయన అరవై ఏళ్ళుగా చేస్తున్న పనే, ఇన్నాళ్ళూ ఆయన్ని మంచి మనిషిగా నిలబెట్టిన గుణమే. నేరం పూర్తిగా మోసం చేసినవాడిది. ఇందులో రెండో మాట లేదు.

కానీ నాకు ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది. ఆ బాక్స్ టీవీ స్టాండ్ లోపల, గుడ్డ కప్పి, స్టీలు సామాన్ల వెనక ఉందని దసరాకి నా కళ్ళతో చూశాను. అలా పెడితే వేడెక్కుతుందనీ, సిగ్నల్ సరిగ్గా రాదనీ నాకు తెలుసు. నకిలీ కస్టమర్ కేర్ నంబర్ల సంగతీ తెలుసు. చెప్పడానికి పది నిమిషాలు పట్టేది. చెప్పలేదు. కాబట్టి 'ఏ జన్మ బాకీయో' అన్న మాట నాన్నగారి నోట్లో ఓదార్పు అవుతుంది. అదే మాట నా నోట్లో ఉంటే తప్పించుకోవడం అవుతుంది. కర్మ సిద్ధాంతం మన కష్టాన్ని మనం ఓర్చుకోవడానికి. మన నిర్లక్ష్యం వల్ల ఇంకొకళ్ళు పడిన కష్టానికి ముసుగు వెయ్యడానికి కాదు.

విదురుడు ఏం చేశాడు?

మాండవ్యుడి శాపంతో యమధర్మరాజు ఎవరిగా పుట్టాడో తెలుసు కదా? విదురుడిగా. తెలియనివాళ్ళ మీద కఠినంగా తీర్పు చెప్పినందుకు శాపం పొందిన ధర్ముడు, భూమ్మీదకి వచ్చాక చేసిన గొప్ప పని ఏమిటి? తెలియని ప్రమాదంలోకి వెళుతున్నవాళ్ళని కాపాడటం.

పాండవులు వారణావతానికి బయల్దేరారు. అక్కడ వాళ్ళకోసం లక్క ఇల్లు సిద్ధంగా ఉంది. విదురుడికి తెలుసు. ఆయన "ఎందుకు వెళుతున్నారు, బుద్ధి లేదా" అని అరవలేదు. చుట్టూ జనం ఉండగా ధర్మరాజుకి మాత్రమే అర్థమయ్యేలా గూఢమైన మాటల్లో హెచ్చరించాడు. అక్కడితో చేతులు దులుపుకోలేదు. తర్వాత ఒక నమ్మకమైన మనిషిని, సొరంగం తవ్వేవాణ్ణి, పంపించాడు. ఇల్లు కాలితే బయటపడే దారి ముందే తయారైంది.

ముందే చెప్పడం, తిట్టకుండా చెప్పడం, ఏదైనా జరిగితే బయటపడే దారి ఉంచడం. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్ళ ధర్మం ఈ మూడే అనిపించింది నాకు.

మొదటిది: ముందే చెప్పడం, ముందే చెయ్యడం

మనలో చాలామందికి తెలియని చిన్న విషయం ఒకటి. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. మొదటిది వీధి గేటు తాళం అయితే రెండోది బీరువా తాళం. రెండూ మార్చాలి. సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఏ2 కానీ డబ్ల్యూపీఏ3 కానీ ఉందో లేదో చూడండి. డబ్ల్యూపీఎస్ బటన్ సదుపాయం ఉంటే ఆపెయ్యండి. రౌటర్‌కి కూడా ఫోన్‌లాగే అప్‌డేట్లు ఉంటాయి. గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే కెమెరాలు, స్మార్ట్ బల్బులు దాని మీద పెట్టండి. ఇంటికి వచ్చిన చుట్టాలకీ అదే ఇవ్వండి.

బాక్స్‌ని ఇంటి మధ్యలో, కొంచెం ఎత్తులో, గాలి తగిలేచోట పెట్టండి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటి దూరం పోలేదు. 2.4 గిగాహెర్ట్జ్ వేగం తక్కువ, దూరం ఎక్కువ. టీవీ దగ్గరుంటే 5, వెనక గదిలో ఉంటే 2.4. మా ఇంట్లో చివరికి చేసింది ఇంతే. గుడ్డ తీసి, బాక్స్‌ని స్టాండ్ మీదకి మార్చాను. ప్రవచనం ఆగడం మానేసింది. నలభై ఆరు వేల సమస్యకి పరిష్కారం ఒక గుడ్డ తియ్యడం.

అప్‌డేట్లు వాయిదా వెయ్యకండి. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. కంప్యూటర్లో ఫైళ్ళన్నీ తాళం వేసి డబ్బు అడిగేది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల కంప్యూటర్లు ఆగిపోయి, సుమారు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అక్కడి ఆడిట్ సంస్థ అంచనా వేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ ఇచ్చింది ఎప్పుడో తెలుసా? మార్చి 14న. అంటే దాదాపు రెండు నెలల ముందు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే ఒకసారి ఏ వెర్షనో చూడండి.

ఇంకొకటి, ఇది కొంచెం గుచ్చుకుంటుంది. దొంగ సాఫ్ట్‌వేర్. క్రాక్ చేసిన ప్రోగ్రామ్‌తో భక్తి పాటల వీడియో ఎడిట్ చేసి, అది సేవ అనుకోవడం సరికాదు. పతంజలి చెప్పిన యమాల్లో అస్తేయం ఒకటి, అంటే దొంగిలించకపోవడం. పైగా ఆ క్రాక్ ఇచ్చినవాడు మనకి ఊరికే ఇవ్వడు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చెయ్యమంటాడు. కాపలావాణ్ణి పంపేసి దొంగని లోపలికి పిలిచినట్టే. ఉచితంగా, న్యాయంగా దొరికే మంచి సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి.

రెండోది: తిట్టకుండా చెప్పడం

పోయిన డబ్బు ఆపడానికి ప్రభుత్వం 1930 హెల్ప్‌లైన్ పెట్టింది. ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది, ఎందుకంటే డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మారిపోకముందే ఆపాలి. మేం చేసింది మూడో రోజు. అప్పటికే డబ్బు చేతులు మారిపోయింది.

ఆ మూడు రోజులు ఎక్కడ పోయాయి? నెట్ స్లో అయ్యి కాదు, నా విసుగు వల్ల. నాన్నగారు దొంగకి భయపడలేదు, కొడుక్కి భయపడ్డారు. ఇంట్లో ఎన్ని తాళాలు వేసినా, తప్పు జరిగితే చెప్పుకునే మనిషి లేకపోతే ఆ ఇల్లు తెరిచి ఉన్నట్టే. దొంగలు కూడా ఈ భయాన్నే వాడుకుంటారు. 'డిజిటల్ అరెస్ట్' అని వీడియో కాల్‌లో బెదిరించేవాళ్ళు మొదట చెప్పే మాట "ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు" అనే కదా? మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఈ ఒక్క ముక్క ఈరోజే అమ్మానాన్నలకి చెప్పండి.

ఇంకో నాలుగు ముక్కలు కూడా చెప్పండి. డబ్బు పంపడానికే యూపీఐ పిన్ కావాలి, తీసుకోవడానికి అక్కర్లేదు. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలాన్ పేరుతోనో ఏపీకే ఫైల్ వస్తే ముట్టుకోవద్దు. కస్టమర్ కేర్ నంబర్ బిల్లు మీద ఉన్నది, లేకపోతే కంపెనీ యాప్‌లో ఉన్నదే చూడాలి. తిరుమల గదులు, దర్శనం టికెట్ల పేరుతో నకిలీ సైట్లు ఉన్నాయని టీటీడీ కూడా హెచ్చరించింది. బుక్ చేసేముందు సైట్ చిరునామా 'జీఓవీ డాట్ ఇన్' అని ముగుస్తోందో లేదో చూడాలి.

అలా అని వాళ్ళ ఫోన్ లాక్కుని, బ్యాంకు యాప్‌లన్నీ తీసేసి, అన్నీ మన చేతిలోకి తీసుకోకండి. జాగ్రత్త పేరుతో పెద్దవాళ్ళని చిన్నపిల్లల్ని చెయ్యడం రక్షణ కాదు. ధర్మరాజుకి విదురుడు చెప్పాడు, కానీ ఆయన బదులు రాజ్యం చెయ్యలేదు.

మూడోది: సొరంగం

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒకరోజు హార్డ్ డిస్క్ పోతుంది, ఫోన్ పోతుంది, వైరస్ వస్తుంది. అప్పుడు బయటపడే దారే బ్యాకప్. పెళ్ళి ఫోటోలు, తాతగారి గొంతు రికార్డింగ్, ఇంటి కాగితాల స్కాన్‌లు మూడు కాపీలుగా ఉంచండి. రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని పని అయ్యాక పీకేసి పెట్టండి. తగిలించే ఉంచితే కంప్యూటర్‌తో పాటు అదీ పోతుంది. అప్పుడప్పుడు ఒక ఫైలు తెరిచి చూడండి. సొరంగం అవతలి వైపు తెరుచుకుంటోందో లేదో ఇల్లు అంటుకున్నాక చూసుకుంటే లాభం లేదు.

పరికరంలో ఏదో ఉందని అనుమానం వస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో మాల్వేర్ తొలగించే ఉచిత టూల్స్ దొరుకుతాయి. 2017లో మొదలైంది. స్వచ్ఛత అన్న పేరు నాకు బాగా నచ్చింది. శౌచం అంటే మనం ఒళ్ళు, ఇల్లు అనే అనుకుంటాం. మన ఇంటి చెత్త పక్కవాళ్ళ గుమ్మంలో పడకుండా చూసుకోవడం కూడా శౌచమే. మన కెమెరా ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ మీద రాయి వెయ్యకుండా చూసుకోవడమూ అంతే.

చివరిగా

తెలియక జరిగిన తప్పు ఎవరి ఖాతాలో అని మొదలుపెట్టాను. నాకు అర్థమైనంతలో, తెలియనివాళ్ళ ఖాతాలో కాదు. తెలిసి ఊరుకున్నవాళ్ళ ఖాతాలో. ఈ పోస్ట్ ఇంతదాకా చదివారు కాబట్టి, మీకు కూడా ఆ పధ్నాలుగేళ్ళ వయసు ఇప్పుడే దాటిపోయింది. ఏమనుకోకండి!

ఈ ఆదివారం ఒక అరగంట కేటాయించండి. రౌటర్ పాస్‌వర్డ్‌లు మార్చండి, అప్‌డేట్లు పెట్టండి, ఒక బ్యాకప్ తీయండి. తర్వాత ఇంటికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: "ఏం జరిగినా ముందు నాకే చెప్పండి, నేనేమీ అనను." చెప్పాక ఆ మాట మీద నిలబడండి. అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

పోయిన వారం మీటింగ్ మధ్యలో నాన్నగారి ఫోన్ వచ్చింది. "ఏదో లింక్ వచ్చిందిరా, నొక్కలేదు. నీకు పంపనా?" అన్నారు. "పంపండి నాన్నా, ఇప్పుడే చూస్తాను" అన్నాను. మీటింగ్ రెండు నిమిషాలు ఆగింది. ఏమీ మునిగిపోలేదు.

శుభం.